వేళ్ళకు నీళ్ళు బంద్ చేసే నీరడి

(మహబూబ్‌నగర్‌లో డిసెంబరు నెల ఒక ఆదివారం పొద్దున, రిటైరైన ఉద్యోగుల కూడికలో ఒక మాజీ సైన్సు టీచరమ్మ చలికి వేళ్ళు తెల్లబడే తన జబ్బు గురించి మాట్లాడిన మాటలు. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు ఈ నీళ్ళ సీసా కొంచెం అవతల పెట్టు బాబూ. ఏమనుకోకు. మర్యాద చేసి ఫ్రిజ్‌లోంచి తెచ్చావు, నాకు తెలుసు. దాన్ని రెండు నిమిషాలు పట్టుకున్నానంటే ఇక మీరెవరూ నా మాటలు వినరు, నా వేళ్ళనే చూస్తూ కూర్చుంటారు. మైకును కూడా ఆ స్టాండుకే ఉండనివ్వండి. అది ఇనుము. తర్వాత చెప్తాను దాని సంగతి.

ముందు వరుసలో ఇద్దరు అక్కలు నా గ్లవుజులు చూసి మూతి బిగించుకుని నవ్వుతున్నారు. గట్టిగానే నవ్వండి. నలభై ఏళ్ళుగా అలవాటే. పాలమూరులో గ్లవుజులు వేసుకుందంటే ఈమెకేదో తిక్క అనుకుంటారు. మనది ఎండల సీమ. ఇటు మనకైనా అటు నల్లగొండకైనా ఏడాదిలో నాలుగు నెలలు ఎండ గురించే మాట. చలి అంటే మనకు లెక్క లేదు. ‘ఏముందమ్మా, సంక్రాంతి దాకా ఓపిక పట్టు, శివరాత్రికి శివశివా అని పోతది’ అంటారు. నిజమే, పోతుంది. కానీ కార్తీకం దాటినప్పటి నుంచి శివరాత్రి దాకా మూడు నెలలు నా వేళ్ళు నాతో ఉండాలి కదా.

ఇది ఎట్లా మొదలైందో చెప్తాను. 1987 జనవరి. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, అమ్రాబాద్ గుట్టల మీద ఒక పల్లె బడిలో కొత్త ఉద్యోగం. కింద ఊళ్ళకంటే అక్కడ చలి ఎక్కువ. పొద్దున మొదటి పీరియడు. బోర్డు మీద రాస్తూ ఉంటే సుద్దముక్క చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకోబోతే దొరకడం లేదు. వేళ్ళు ఉన్నాయి, కానీ నావి కానట్టు ఉన్నాయి. ముందు బెంచీలో ఒక పిల్ల, ‘టీచర్, మీ వేళ్ళకు సుద్ద అంటింది’ అన్నది. చీర కొంగుతో తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. అప్పుడు చూసుకున్నాను, అది సుద్ద కాదు. మూడు వేళ్ళు, రెండో కణుపు దాకా, గీత గీసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పది నిమిషాలకు నీలంగా అయ్యాయి. ఇంకాసేపటికి ఎర్రబడి, తేలు కుట్టినట్టు సలపరం. పిల్లల ముందు ఏడవకూడదని బయటికి వెళ్ళి ఎండలో నిలబడ్డాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు రకరకాల మాటలు విన్నాను. రక్తం తక్కువ అన్నారు, గాలి సోకింది అన్నారు. ఒక ఆర్‌ఎంపీ డాక్టరు నీరసం అని బలం సూదులు వేశాడు. మా అత్తగారు, పాపం మంచిదే, దిష్టి తీసింది. ఆమెను తప్పు పట్టను. వేళ్ళు సున్నం కొట్టినట్టు అయ్యి అరగంటలో మామూలైపోతే ఎవరైనా ఏమనుకుంటారు? డాక్టరు దగ్గరికి పోయేసరికి వేళ్ళు బాగానే ఉండేవి. ‘ఏదమ్మా, ఎక్కడ?’ అనేవారు. పంచర్ షాపు దగ్గరికి పోగానే గాలి నిలబడే సైకిలు ట్యూబు కథ ఇది.

చివరికి హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు నా చేయి ముట్టుకోకముందే నాలుగు ప్రశ్నలు అడిగాడు. రెండు చేతులకూ వస్తుందా? తెలుపు, నీలం, ఎరుపు, ఈ వరసలోనే వస్తుందా? మీరేమైనా మందులు వాడుతున్నారా? వేలి చివర్లో ఎప్పుడైనా పుండు పడిందా? తర్వాత గోరు మొదట్లో ఒక నూనె చుక్క వేసి భూతద్దంలాంటి దానితో చూశాడు. అక్కడ చర్మం కింద సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయట. రక్త పరీక్షలు రాశాడు. అన్నీ చూసి, దీని పేరు రేనాడ్స్ అన్నాడు. ఫ్రెంచి పేరు, వాళ్ళు రేనో అని పలుకుతారు. మారిస్ రేనో అనే డాక్టరు 1862లో పారిస్‌లో తన థీసిస్‌లో దీని గురించి రాశాడు. అంటే నేను పుట్టడానికి దాదాపు వందేళ్ళ ముందే ఎవరో రాసిపెట్టిన జబ్బుకు నేను ఎనిమిదేళ్ళు దిష్టి తీయించుకున్నాను.

సైన్సు టీచర్ని కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇక్కడ సగం మంది రైతు బిడ్డలే, మనకు తెలిసిన లెక్కలోనే చెప్తాను. చెరువు కింద పొలాలు ఉన్నాయి. తూము దగ్గర పొలాలకు నీళ్ళు వదిలే నీరడి ఉన్నాడు. చెరువులో నీళ్ళు తగ్గుతున్నాయనుకోండి, నీరడి ముందు ఎవరికి బంద్ చేస్తాడు? చివరి మడులకు. సాగర్ కాలువ కింద టెయిల్ ఎండ్ రైతు గోస నల్లగొండ వాళ్ళను అడగండి. ఒంట్లో కూడా అంతే. గుండె, కాలేయం, మెదడు, ఇవి చెరువు దగ్గరి పొలాలు. వాటికి 37 డిగ్రీల వేడి తగ్గకూడదు. చలి తగలగానే శరీరం చేతివేళ్ళకు, కాలివేళ్ళకు, ముక్కుకు, చెవులకు పోయే సన్నటి నాళాలను బిగిస్తుంది. వేడి రక్తం అక్కడి దాకా పోయి చల్లబడి రాకుండా లోపలే తిప్పుకుంటుంది. ఇది మీ అందరికీ జరుగుతుంది. మంచి ఏర్పాటే.

నా నీరడి మాత్రం పిరికివాడు. చిన్న గాలి వీచినా కరువొచ్చిందని తూము మొత్తం మూసేస్తాడు. చుక్క కూడా వదలడు. రక్తం లేదు కాబట్టి వేలు తెల్లబడుతుంది. లోపల మిగిలిన కాస్త రక్తంలో ప్రాణవాయువు అయిపోతే నీలం. తూము తెరిచాక ఒక్కసారి వచ్చి పడితే ఎరుపు, సలపరం.

పుస్తకాల్లో ఫోటోలు చూస్తే తెల్లవాళ్ళ చేతులు ఉంటాయి, వేలు కాగితంలా కనిపిస్తుంది. మన చామనఛాయ చేతుల్లో అంత తెలుపు రాదు. బూడిద రంగు, ఒక్కోసారి పసుపు కలిసిన పాలిపోయిన రంగు. అరచేతి వైపు, గోరు కింద చూడండి, అక్కడ తెలుస్తుంది. ఫోటోతో పోల్చుకుని ‘నాకు కాదులే’ అనుకున్న ఆడవాళ్ళను నేను చూశాను.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. నీరడి చివరి మడిని చూసి తూము తెరవడు, చెరువును చూసి తెరుస్తాడు. నేను మొదటి ఐదారేళ్ళు చేసిన తప్పు ఇదే. వేళ్ళు చల్లబడితే వేళ్ళను కాపుకునేదాన్ని. ఎండిన మడిలో బిందెతో నీళ్ళు పోసినట్టు. ఒళ్ళు మీద పలచని జాకెట్టు, నైలెక్స్ చీర, చేతులకు మాత్రం రెండు జతల గ్లవుజులు. ఎట్లా పనిచేస్తుంది? ఛాతీ, పొట్ట, వీపు వెచ్చగా ఉంటే లోపల చెరువు నిండుగా ఉందని నీరడికి ధైర్యం. అప్పుడు తూము తనే కొంచెం వదులుతాడు. అందుకని స్వెటరు ముందు, గ్లవుజులు తర్వాత. అది కూడా వణుకు పుట్టాక కాదు, పక్కలోంచి లేవకముందే. నేను స్వెటరును తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటాను. దుప్పటి లోపలే వేసుకుని, అప్పుడు కాలు కింద పెడతాను.

కాలు కింద పెట్టడం అన్నాను కదా, ఆ కింద ఏముంది? బండ. తాండూరు బండో షాబాదు బండో. ఈ మధ్య టైల్స్, గ్రానైటు. మన ఇళ్ళు ఎండను తప్పించుకోవడానికి కట్టినవి. ఎత్తు కప్పు, గాలి పోవడానికి కిటికీలు, చల్లటి నేల. ఏప్రిల్లో ఆ బండ మీద పడుకుంటే ప్రాణం లేచొస్తుంది. అదే బండ డిసెంబరులో పాదంలోని వేడిని లాగేస్తుంది. నేను ఏడో తరగతి పిల్లలతో ఒక పని చేయించేదాన్ని. ఒక చేయి స్టీలు గ్లాసు మీద, ఒక చేయి చెక్క పీట మీద పెట్టమనేదాన్ని. ‘ఏది చల్లగా ఉంది?’ అంటే గ్లాసు అని అరిచేవాళ్ళు. థర్మామీటరు పెడితే రెండూ ఒకటే. గ్లాసు మన చేతి వేడిని తొందరగా గుంజుకుంటుంది, పీట నెమ్మదిగా గుంజుకుంటుంది, అంతే తేడా. బండ కూడా గ్లాసు జాతే. ఇందాక మైకు స్టాండు ముట్టనన్నది అందుకే.

ఇంట్లో చెప్పులు వేసుకోవాలంటే మన దగ్గర పెద్ద గొడవ. ‘అరుగు దాటి చెప్పులా?’ అని మా అత్తగారు ఒక వారం మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం రాజీ పడ్డాం. ఇంట్లో తిరగడానికి వేరే జత, అది గడప దాటదు. దేవుని గదిలో చాప మీద మేజోళ్ళతో. పొయ్యి దగ్గర, గిన్నెలు తోమే దగ్గర గోనెసంచి నాలుగు మడతలు వేసి, దాని మీద నిలబడటం. మీకు ఖర్చు కాని మందు చెప్పమంటే ముందు ఈ గోనెసంచే చెప్తాను. మేజోళ్ళు రబ్బరు బిగుతుగా ఉంటే పనికిరావు, పిక్క మీద గీత పడిందంటే మనమే ఇంకో తూము మూస్తున్నట్టు. చెమట పట్టి తడిస్తే మార్చెయ్యండి, తడి మేజోడు కంటే ఉత్త కాలే నయం.

నీళ్ళ సంగతి. పొద్దున గిన్నెలు తోమడానికి మేడ మీద ట్యాంకు నీళ్ళు తిప్పుతారు. ఆ ట్యాంకు రాత్రంతా మంచులో ఉంది. అదే బోరు మోటారు వేసి అప్పుడే వచ్చిన నీళ్ళు ముట్టుకోండి, వెచ్చగా ఉంటాయి. భూమి లోపల నీళ్ళ వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. అందుకే పాత బాయి నీళ్ళు చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటాయని మన ముసలివాళ్ళు అనేది. నేను గిన్నెల పని పది గంటలకు మార్చుకున్నాను. అంతకు ముందే తోమాల్సి వస్తే రబ్బరు గ్లవుజులు, లోపల పలచని నూలు గ్లవుజు.

ముగ్గు. ఇది చెప్పకుండా ఎట్లా? ధనుర్మాసం. అయిదింటికి లేచి వాకిలి ఊడ్చి సాన్పి చల్లి, తడి వాకిట్లో వంగి ముగ్గు. చల్లటి నీళ్ళు, చల్లటి నేల, చల్లటి గాలి, వేళ్ళ మధ్య పిండి. నా జబ్బుకు ఇంతకంటే మంచి దావత్ లేదు. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదంటారు, నాకు చుక్కలు కలిపే పొద్దు కూడా ఉండేది కాదు. మూడు చుక్కలు కలిపేసరికి వేలు తెల్లగా. చివరికి ఎండ వాకిట్లోకి వచ్చాక, ఎనిమిదింటికి వెయ్యడం మొదలుపెట్టాను. మా గల్లీలో ‘ఎనిమిదింటి ముగ్గిల్లు’ అని పేరు పడింది. పోస్టుమ్యానుకు కూడా అదే గుర్తు. ఎవరైనా ఏమైనా అంటే, సూర్యుడు వచ్చాకే కదా సంక్రాంతి అనేదాన్ని.

బట్టల గురించి. మన దగ్గర చలికాలం మొదలవగానే నేపాలీల స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి, పోయి ఒక మందపాటిది కొనుక్కొస్తాం. మందం ఒక్కటే చూడకండి. వెచ్చదనం ఉన్ని వల్ల రాదు, ఉన్ని మధ్య చిక్కుకున్న గాలి వల్ల వస్తుంది. అందుకే ఒక మందపాటి దానికంటే పలచనివి మూడు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మేలు. లోపల బనియను, దాని మీద ఉన్ని, పైన గాలి ఆపేది ఏదైనా. తెల్లారుజామున పాలు పోసేవాళ్ళను చూడండి, చొక్కా లోపల ఛాతీ మీద న్యూసుపేపరు మడిచి పెట్టుకుని బండి నడుపుతారు. వాళ్ళకు ఫిజిక్సు ఎవరూ చెప్పలేదు.

ఇక మన గొంగడి. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన నల్ల గొంగడి. ఇప్పుడు పెళ్ళిళ్ళలో, సభల్లో భుజాన వేసి ఫోటో దిగడానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. గరుకుగా ఉంటుంది, ఒంటికి తగిలితే గీరుకుంటుంది, అది నిజం. కానీ గొర్రె ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. పసులకాడి పిల్లలు వానలో, మంచులో దాన్ని కొప్పెర వేసుకుని తిరిగింది ఊరికే కాదు. నాది మా నాయనది. లోపల నూలు చెద్దరు, పైన గొంగడి. అరవై దాటినవాళ్ళకు రగ్గుల కంటే ఇదే చెప్తాను, బరువు మోయగలిగితే.

వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? వేళ్ళు తెల్లబడ్డాయి, ఇంట్లో ఉన్నారు. ముందు ఆ చల్లటి చోటు వదలండి. చేతులను చంకల్లో పెట్టుకోండి. లేకపోతే భుజం నుంచి మొత్తం చేతిని గిరగిరా తిప్పండి, బాయి మీద గిరక తిరిగినట్టు, రక్తం విసురుగా కొసకు పోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టొచ్చు, ఆ నీళ్ళను మోచేతితో చూసుకోవాలి. వేళ్ళతో చూడొద్దు, వాటికి అప్పుడు తెలివి లేదు. మంట దగ్గర పెట్టొద్దు. ఇదిగో ఈ మచ్చ చూడండి, ఈ వేలి పక్కన. 1991లో గ్యాస్ పొయ్యి మీద చెయ్యి కాచుకున్నాను. చర్మం కాలిన వాసన వచ్చాక కానీ నాకు కాలుతోందని తెలియలేదు.

నా జబ్బు ఇట్లా వేధిస్తుంది కానీ ప్రాణానికి ప్రమాదం లేదు. డాక్టర్లు దీన్ని ప్రైమరీ అంటారు. పదిహేను, ముప్పై ఏళ్ళ మధ్య మొదలవుతుంది, ఆడవాళ్ళకే ఎక్కువ. ఇంకో రకం ఉంది, దాని వెనక వేరే జబ్బు దాక్కుని ఉంటుంది. చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా, ఒంటిని కాపాడే శక్తే ఒంటి మీద తిరగబడే లూపస్, అట్లాంటివి. నలభై దాటాక కొత్తగా మొదలైతే, ఒక చేతికే వస్తుంటే, వేలి చివర పుండు పడితే, కీళ్ళు వాస్తే, ఆలస్యం చెయ్యకుండా చూపించుకోండి. వేలు నీలంగానో నల్లగానో అయ్యి మళ్ళీ మామూలు కాకపోతే ఆ రోజే. ఉన్నట్టుండి ఒక కాలు మొత్తం పాలిపోయి, చల్లబడి, విపరీతంగా నొప్పి పెడితే మాత్రం గంటల లెక్క. రేపు పోదాం అనుకుంటే కాలు మిగలదు.

మందుల్లో కూడా కొన్ని తూము బిగించేవి ఉన్నాయి. ఇక్కడ బీపీ లేనివాళ్ళు చేతులెత్తండి. చూశారా, నలుగురు. బీపీకి, గుండెకు, తలనొప్పికి ఇచ్చే మాత్రల్లో బీటా బ్లాకర్లని ఒక జాతి ఉంది. ప్రొప్రనలోల్, అటెనలోల్, మెటోప్రొలోల్. పేరు చివర ‘లోల్’ ఉంటుంది. కొందరికి వీటితో చేతులు, కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ఇంటికి పోయి మాత్ర పారేశారనుకోండి, ఆ పాపం నాకొద్దు. ఉన్నట్టుండి ఆపితే గుండెకు ప్రమాదం. డాక్టరును ‘సార్, నాకు వేళ్ళు తెల్లబడుతున్నాయి, ఈ మాత్రకు బదులు వేరేది ఉందా’ అని అడగండి. ముక్కు దిబ్బడకు వేసుకునే కొన్ని జలుబు మాత్రలు కూడా ఇంతే. నా విషయంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిఫెడిపిన్ రాస్తారు. అది కూడా బీపీ మాత్రే, నాళాలను వదులు చేస్తుంది. తలనొప్పి వస్తుంది, మడమలు వాస్తాయి. ఊరికే రాదు ఏదీ.

మన జిల్లా మనిషిగా ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాలమూరు లేబరు అంటే దేశంలో తెలియనివాళ్ళు లేరు. ఎక్కడ డ్యాము కట్టినా, ఎక్కడ గుట్ట పగలగొట్టినా మనవాళ్ళు ఉన్నారు. గంటల తరబడి డ్రిల్లింగు మిషను పట్టుకుని రాయి కొట్టే చేతులకు ఆ అదురు వల్ల ఇదే తెల్లవేళ్ళ జబ్బు వస్తుంది. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ అనే ఊరి సున్నపురాయి పనివాళ్ళను చూసి రాసింది. గాలి సుత్తులతో రాయి చెక్కేవాళ్ళకు చలి పొద్దుల్లో వేళ్ళు చచ్చుబడి తెల్లగా అవుతున్నాయని.  నా దగ్గర చదువుకున్న ఒకాయన, ఇరవై ఏళ్ళు రాతి క్వారీల్లో పనిచేసి వచ్చాడు. ‘టీచర్, మీకు సుద్ద అంటినట్టు నాకూ అంటుంది’ అన్నాడు చేతులు చూపించి. నాకు నోట మాట రాలేదు. ఆ ముందు బెంచీ పిల్ల ఉన్న తరగతే వాళ్ళది. అతనికి నేను చెప్పగలిగింది, మిషను పని మానెయ్యమని. అతను అన్నాడు, ‘మానేస్తే ఇల్లెట్లా గడుస్తది?’ దానికి నా దగ్గర స్వెటరు లేదు.

ఇంకోటి, ఇది చలి ఒక్కదానితోనే రాదు. టెన్షన్‌తో కూడా వస్తుంది. 2003 మే, ఎన్నికల ట్రైనింగో ఏదో, బయట 42 డిగ్రీలు. పైఆఫీసరు నా రిజిస్టరు తెరిచి ‘ఇదేంటమ్మా’ అన్నాడు. అంతే, వేళ్ళు తెల్లగా. ఆయన నా చేయి చూసి నాకంటే ఎక్కువ భయపడి రిజిస్టరు మూసేశాడు. (నవ్వులు) ఆ ఒక్కసారి ఉపయోగపడింది.

సరే, నేనే మాట్లాడుతున్నాను. అడగండి.

(ఒక పెద్దాయన: టీచరమ్మా, నాకు తెల్లగ కావు. కానీ పాదాలు ఎప్పుడు సల్లగనే. కొంచెం దూరం నడిస్తె పిక్కలు పట్టుకుంటయి.)

నిలబడితే తగ్గుతుందా అన్నా? తగ్గుతుంది కదూ. మీది నా జబ్బు కాకపోవచ్చు. నాది తూము మూసుకోవడం, మీది కాలువ పూడుకుపోవడం. కొవ్వు పేరుకుని కాళ్ళ నాళాలు సన్నబడతాయి. దాన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది, చేతి దగ్గర బీపీ, చీలమండ దగ్గర బీపీ చూసి పోలుస్తారు. చీలమండ లెక్కను చేతి లెక్కతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వస్తే అనుమానించాలి. మీరు మేజోళ్ళు వేసుకోండి, కానీ వేడినీళ్ళ సంచి పెట్టొద్దు. రక్తం సరిగా రాని చోట కాలితే ఆ పుండు మానదు. షుగరు ఉందా? ఉంది. అయితే చలిమంట దగ్గర కాళ్ళు చాపడం ఈ రోజుతో బంద్. షుగరుతో పాదాలకు స్పర్శ తగ్గుతుంది, కాలినా తెలియదు. రోజూ రాత్రి పాదం అడుగు చూసుకోండి, వంగలేకపోతే అద్దం కింద పెట్టుకోండి. పగుళ్ళకు కొబ్బరినూనె రాయండి, వేళ్ళ సందుల్లో వద్దు. బీడీ తాగుతారా?

(పెద్దాయన: రోజుకు నాలుగే.)

నాలుగు అంటే ఎనిమిది అని మీ ఇంటామె మొహం చెప్తోంది. (నవ్వులు) బీడీకి తూము బిగించే గుణం ఉంది, కాలువ పూడ్చే గుణం కూడా ఉంది. బర్జర్స్ అని ఒక జబ్బు ఉంది, 1908లో లియో బర్జర్ దాని గురించి రాశాడు. నలభై కూడా నిండని మగవాళ్ళు, బీడీలు, చుట్టలు తాగేవాళ్ళు, కాలివేళ్ళు ఒక్కొక్కటి నల్లబడి తీసేయించుకుంటారు. పొగాకు పూర్తిగా మానితే అది ఆగుతుంది. తగ్గిస్తే ఆగదు. రోజుకు ఒకటి కూడా లెక్కే.

(ఒకావిడ: రాత్రి గదిల కుంపటి పెట్టుకుంటె నడుస్తదా?)

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి వద్దే వద్దు తల్లీ. ఆ బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కావాలంటే పడుకునే ముందు వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కలో పెట్టి, పక్క వెచ్చబడ్డాక తీసి పడుకోండి.

(వెనక నుంచి: ఈత కల్లు పోసుకుంటె వెచ్చగుంటది కద మేడం!)

వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది. చర్మం కిందికి రక్తం వస్తుంది, ఆ వేడి బయటికి పోతుంది, లోపల చెరువు ఖాళీ అవుతుంది. కల్లు కల్లే, స్వెటరు స్వెటరే.

(ఒకావిడ: మా బిడ్డకు పందొమ్మిదేళ్ళు. మీరు చెప్పినట్టే అయితది. సంబంధాలు చూస్తున్నం. వాళ్ళకు చెప్పాల్నా వద్దా?)

ముందు డాక్టరుకు చూపించావా? లేదు. అదే ముందు. ఆ గోరు పరీక్ష, రక్త పరీక్ష చేయించు, వెనక ఏ జబ్బూ లేదని తేలితే సగం భయం పోతుంది. ఇక చెప్పడం మాట. నాకు పెళ్ళయ్యాక వచ్చింది కాబట్టి నేను ఈ పరీక్ష రాయలేదు. కానీ ఒకటి అనుభవంతో చెప్తాను. దాచి పంపితే ఆ పిల్ల మొదటి సంక్రాంతికి అత్తగారింట అయిదింటికి చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టి, తెల్లబడ్డ వేళ్ళు కొంగు కింద దాచుకుంటుంది. చెప్పి పంపితే గ్లవుజు వేసుకుని పెడుతుంది. ఇది విని వెనక్కి పోయే సంబంధం అయితే, ముగ్గు ఎనిమిదింటికి వేస్తే కూడా వెనక్కి పోయేదే. పంతొమ్మిదేళ్ళకే పెళ్ళి తొందరేమిటని కూడా నిన్ను అడుగుదామనుకున్నాను, అది వేరే ప్రసంగం. చదువుతోందా? అయితే చదవనియ్యి. బిడ్డను తీసుకుని మా ఇంటికి రా, ఎనిమిదింటి ముగ్గిల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు.

చాయ్ వచ్చిందంటున్నారు. నాకు పింగాణీ కప్పు వద్దు బాబూ, స్టీలు గ్లాసులో పొయ్యి. అవును, స్టీలే. వేడి తొందరగా చేతికి రావాలి. చుట్టూ కర్చీఫ్ నేను తెచ్చుకున్నాను.